నగల పెట్టె కిట్: అట్ట వాళ్లది, బట్ట మాత్రం మన బీరువాలోదే

ముందే చెప్పేస్తున్నాను, 5కి 3 స్టార్లు. ఆ మూడూ అట్టముక్కల కోతకే. బట్టకీ జిగురుకీ గాజుల రోలుకీ విడిగా మార్కులెయ్యమంటే సున్నా వేసి ఊరుకునేదాన్ని. కంపెనీ పేరు రాయను. ఇలాంటి కిట్లు ఆన్‌లైన్‌లో పది పేర్లతో అమ్ముతున్నారు, ఫొటోలు చూస్తే అన్నీ ఒకే గోడౌన్‌లోంచి బయల్దేరినట్టుంటాయి, ఒకరి పేరు చెప్పి ఆపేస్తే మిగతావాళ్లంతా మంచివాళ్లనుకుంటారు. మీరు ఏ పేరుతో కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

కిట్ అంటే ఏమీ లేదు, బట్ట చుట్టిన నగల పెట్టె మనమే ఇంట్లో కూర్చుని చేసుకోవడానికి కావల్సిన సామాను. కోసిన అట్టముక్కలు, పైన చుట్టడానికి బట్ట, లోపలికి మెరూన్ వెల్వెట్, కాస్త స్పాంజి షీటు, ఉంగరాలు గుచ్చుకునే రోలు, గాజులు ఎక్కించే రోలు, మూత పట్టుకోవడానికి బిళ్లల్లాంటి చిన్న మాగ్నెట్లు, ఒక జిగురు ట్యూబు, రెండు పేజీల కాగితం. పూర్తయ్యాక పెట్టె 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 8 ఎత్తు వస్తుంది. తొమ్మిది వందల లోపు పడింది, డెలివరీ ఒడిశాలోని మా బరంపురానికి ఇబ్బంది లేకుండానే వచ్చింది. మా అత్తయ్య డబ్బా విప్పి చూసి "ఏటమ్మా ఇది, అట్టముక్కలకి తొమ్మిదొందలా?" అన్నారు. అట్టముక్కలకే అత్తయ్యా, నిజంగా వాటికే.

నగల షాపువాళ్లిచ్చే ఎర్ర డబ్బాలు మీ అందరి ఇళ్లలోనూ ఉంటాయి కదా, ఒక్కో దాని మీద ఒక్కో షాపు పేరు బంగారు అక్షరాల్లో, ఒక్కటీ ఇంకోదాని మీద సరిగ్గా కూర్చోదు. వాటిలో పట్టనివి గులాబీరంగు కాగితంలో పొట్లాలు. పెళ్లికెళ్లే రోజు బుట్టలు ఏ పొట్లంలో ఉన్నాయో వెతకడానికి పట్టే టైములో ఇంకో చీర కట్టుకోవచ్చు. అందుకే రోజువారీ వేసుకునేవీ వన్ గ్రామ్ గోల్డువీ వెండి పట్టీలూ ఒకచోట ఉండేలా ఒక పెట్టె కావాలనుకున్నాను, మార్కెట్లో దొరికే రెక్సిన్ పెట్టెలు రెండు వానాకాలాలకి పొట్టు రాలుతున్నాయని చేతిపని వైపు వెళ్లాను.

ఇక అసలు సంగతి. కిట్‌లో మెచ్చుకోవాల్సింది కోత. 2 మి.మీ. గ్రే బోర్డు, మందంగా, నలిగిపోకుండా ఉంది, మూలలు సరిగ్గా 90 డిగ్రీలు. ఇందులో ఏముంది అనకండి. ఇలాంటి పెట్టెకి అన్నీ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. అడుగు ముక్క 20 బై 15 అయితే, దాని మీద నిలబడే పొడుగు గోడలు రెండూ 20 సెం.మీ. ఉండాలి, వాటి మధ్యలో ఇరుక్కునే పొట్టి గోడలు మాత్రం 15 ఉండకూడదు, రెండు వైపులా అట్ట మందం తీసేసి 14.6 ఉండాలి. ఆ నాలుగు మిల్లీమీటర్లు తియ్యకపోతే పెట్టె మూలల్లో పళ్లెత్తుగా కనిపిస్తుంది. లోపల వెల్వెట్ చుట్టి అంటించే ముక్కలు ఇంకా చిన్నవి కావాలి, ఎందుకంటే బట్ట కూడా చోటు తింటుంది. లోపలి పొడవు 19.6 ఉంటే ముక్క 19.3 దగ్గర ఉంటేనే ఇరుకు లేకుండా దిగుతుంది. ఈ లెక్కలన్నీ వాళ్లు వేసి కోసి పంపారు, ఒక్క ముక్క కూడా తేడా రాలేదు. ఇంట్లో పేపర్ కట్టర్‌తో 2 మి.మీ. అట్ట కొయ్యడం ఎలాంటిదో చేసినవాళ్లకి తెలుసు, ఒక్క గీతలో తెగదు, స్టీలు స్కేలు కదలకుండా పట్టుకుని అదే గీత మీద నాలుగైదుసార్లు లాగాలి, చివర్లో స్కేలు కాస్త జరిగిందో అంచు వంకర, ఇంకా జరిగిందో వేలు.

కానీ ఆ కోతలోనే ఒక చిక్కు ఉంది. ముక్కల అంచులు చూడండి, కాలినట్టు గోధుమరంగులో ఉంటాయి. లేజర్ మిషన్ మీద కోస్తే అలాగే ఉంటుంది, కవరు విప్పగానే కాలిన కాగితం వాసన కూడా వస్తుంది. ఆ అంచు మీద వేలు రాస్తే సన్నటి మసి అంటుకుంటుంది. అట్టకి మసి ఉంటే నష్టం లేదు గానీ వాళ్లు పంపిన పై బట్ట లేత క్రీమ్ రంగు! మసి అంచు మీంచి క్రీమ్ బట్ట మడిచి, దాని మీద తడి జిగురు రాస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? రివ్యూల్లో చాలామంది "బట్ట ముందే మురికిగా వచ్చింది" అని రాశారు, అది మురికి కాదు, ఈ మసే. పాత బనీను గుడ్డతో పొడిగా అంచులన్నీ తుడిచి, సన్న గరుకు కాగితం ఒక్కసారి లాగి, ఆ తర్వాత గోడలు కలిపేచోట మాస్కింగ్ టేపు వేస్తే అసలు సమస్యే ఉండదు. ఈ ఒక్క వాక్యం ఆ రెండు పేజీల కాగితంలో ఎక్కడా లేదు.

ఆ కాగితం గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషూ హిందీ మాత్రమే, అందులో సగం ఫొటోలు, ఫొటోల్లో చెయ్యి అడ్డం. మూత తిరిగే చోట ఎంత ఖాళీ వదలాలో రాయలేదు, పెట్టె చేసేవాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైన కొలత అదే. మూతకీ వెనక గోడకీ మధ్య బట్ట మడత మీదే మూత తెరుచుకుంటుంది, అక్కడ కనీసం రెండు అట్టల మందం అంటే 4 మి.మీ. వదలాలి, బట్ట మందంగా ఉంటే ఇంకో మిల్లీమీటరు. తక్కువ వదిలితే మూత సగంలో ఆగి, బలవంతంగా తెరిచినప్పుడు వెనక జిగురు ఊడుతుంది. ఎక్కువ వదిలితే మూత ఊగి ముందుకి జారుతుంది. జిగురు పూర్తిగా ఆరకముందే మూత మెల్లగా ఒకసారి మూసి, ఒకసారి తెరిచి చూసుకోండి, అప్పుడైతే ఇంకా సర్దుకోవచ్చు.

బట్ట దగ్గరికి వద్దాం. డబ్బా మీద "సిల్క్" అని రాశారు. నేను అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించాను, కరిగి చివర గట్టి పూసలా అయింది. పట్టు అలా కరగదు, జుట్టు కాలిన వాసన వచ్చి నుసి అవుతుంది. కాబట్టి అది పాలియెస్టర్ శాటిన్, అంతే. పాలియెస్టర్ అయినా ఫర్వాలేదు, మరీ పల్చన కావడమే ఇబ్బంది. జిగురు రాసిన అట్ట మీద వెయ్యగానే తడి పైకి తేలి నూనె మరకలా కనిపించింది, ఆరాక కూడా పోలేదు. కత్తిరించిన అంచుల్లోంచి పోగులు ఊడిపోతూ ఉంటాయి, మూల దగ్గర మడత పెట్టేసరికి అక్కడ బట్టే మిగలదు. వాళ్లిచ్చిన బట్ట ఎంత కొలతకి కోశారంటే మడతకి సెంటీమీటరు కూడా ఉండదు, కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి అన్ని వైపులా. ఆ శాటిన్ నేను వాడలేదు. మా చిన్నది బొమ్మకి గౌను కుట్టించుకుంది, దానికి బాగానే ఉంది.

ఇక్కడే నా సలహా. బరంపురంలో ఉండి పెట్టె మీదికి పాలియెస్టర్ ఏమిటండీ? ఇది పట్టుచీరల ఊరు. బరంపురం పట్టుచీరకీ, మగవాళ్లు కట్టే జోడాకీ కలిపి భౌగోళిక గుర్తింపు ఉంది, ఫొడా కుంభ అంచు అంటే ఒడిశా అంతటా తెలుసు, గుడి గోపురాల్లా వరసగా పళ్లు తేలి ఉంటాయి చూడండి, అదే. మన ఇళ్లలో అమ్మమ్మలవీ అత్తగార్లవీ కట్టడానికి పనికిరాని పాత పట్టుచీరలు ఎన్ని ఉంటాయి, ఒళ్లు చిరిగి అంచు మాత్రం చెక్కుచెదరకుండా. ఒక లెక్క చెప్తాను. ఈ పెట్టె చుట్టుకొలత 70 సెంటీమీటర్లు, అతుకుకి 2 కలిపితే 72. ఎత్తు 8, కింద మడతకి 2, పైన లోపలికి మడతకి 2, మొత్తం 12. అంటే 72 బై 12 పట్టీ చాలు నాలుగు గోడలకీ ఒకే ముక్కగా చుట్టడానికి. చీర అంచు సరిగ్గా అలాంటి పట్టీయే, అయిదున్నర మీటర్ల పొడుగున. అతుకు ఒక్కటే పడుతుంది, అది వెనక మూలకి తిప్పేస్తే కనపడదు, గోపురాలు పెట్టె చుట్టూ తెగకుండా తిరుగుతాయి. మూత మీదికి కొంగులోంచి ఒక ముక్క.

దయచేసి కట్టుకోదగ్గ చీర మాత్రం కొయ్యకండి. ఆ వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, మంచి చీర బల్ల మీద పరిచి కత్తెర వేసి "రీసైక్లింగ్" అంటారు. నేతగాళ్ల వీధికి వెళ్తే ముక్కలు దొరుకుతాయి కదా అని మా పక్కింటావిడ అడిగింది. దొరకవు. ఊళ్లో పట్టు నేసేది డేరా కులంవాళ్లు, రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారిని ఆడపడుచుగా పుట్టింటికి తెచ్చుకునే కులపెద్ద, దేశిబెహరా అంటారు, ఆయనా వాళ్లలోవాడే, కానీ మగ్గం మీంచి చీర చీరగానే దిగుతుంది, ముక్కలుగా కాదు. ముక్కలు మిగిలేది జాకెట్లు కుట్టే టైలర్ల దగ్గర. చేతులకి అంచు వేయించుకున్నాక మిగిలిన పీలికలు వాళ్ల దగ్గర మూటలు కట్టి ఉంటాయి, మీరు ఎప్పుడూ కుట్టించుకునేచోట అడిగితే ఊరికే ఇస్తారు. అవి మూతకీ ఉంగరాల అరలకీ సరిపోతాయి, చుట్టూ తిప్పడానికి చాలవు.

పట్టు నేరుగా అంటిస్తే అది కూడా జిగురు పీల్చి మరక పడుతుంది, పాత పట్టయితే మడత దగ్గర చిట్లుతుంది కూడా. అందుకని వెనక ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీ వేడికి అంటుకునే అస్తరు గుడ్డ, వెయ్యాలి. టైలరింగ్ సామాన్ల షాపులో కాలర్లకి వేసే పల్చటి ఫ్యూజింగ్ అని అడగండి, గట్టి బక్రం వద్దు, మూలల్లో మడవలేరు. ఒకవైపు సన్నటి జిగురు చుక్కలు మెరుస్తూ ఉంటాయి, ఆ వైపు బట్ట వెనక్కి పెట్టి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె సిల్క్ మీద ఉంచి అద్దాలి. రుద్దకూడదు, ఒకచోట అద్ది, ఎత్తి, పక్కచోట అద్దాలి, రుద్దితే బట్ట ఒక పక్కకి లాగుకుపోతుంది, అంచు గీత వంకరవుతుంది. జరీ మీద వేడి నేరుగా తగలనివ్వకండి. ఫ్యూజింగ్ పట్టాక ఆ చిట్లిన పాత పట్టు కూడా కొత్త బట్టలా నిలబడుతుంది, పోగులు ఊడవు, కత్తెర నున్నగా పోతుంది. ఈ కిట్‌లో ఆ ఫ్యూజింగ్ అరమీటరు పెట్టి ఉంటే నాలుగో స్టారు ఇచ్చేసేదాన్ని, దాని ఖరీదు ఎంతని!

పట్టు లేనివాళ్లకి సంబల్‌పురి నూలు బ్రహ్మాండంగా ఉంటుంది, మందం సరిగ్గా సరిపోతుంది, ఫ్యూజింగ్ లేకపోయినా మరక తేలదు. కలంకారీ నూలు కూడా సరే. జార్జెట్టు, షిఫాను, నెట్టు జోలికి పోకండి. వెల్వెట్ పైకి వాడాలనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దాని నూగు ఒకే దిక్కుకి ఉంటుంది, అన్ని ముక్కలూ ఒకే దిక్కున కొయ్యకపోతే ఒకే పెట్టెలో రెండు రంగులున్నట్టు కనిపిస్తుంది.

జిగురు. వాళ్లిచ్చిన ట్యూబు వేలెడంత, లోపల నీళ్లలా ఉంది, మూతకే అయిపోయింది. పక్కన పెట్టి ఫెవికాల్ ఎంఆర్ తెచ్చుకున్నాను, ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికేదే. జిగురు ఎప్పుడూ అట్టకే రాయాలి, బట్టకి కాదు. పెయింటు బ్రష్షుతో పల్చగా, అంచుల దాకా, ఎక్కడా తెల్లగా గుంటలు కట్టకుండా. రాయగానే బట్ట వెయ్యకండి, కాసేపాగి వేలు పెడితే లాగుతున్నట్టు ఉన్నప్పుడు వేసి, మధ్యలోంచి అంచులకి అరచేత్తో నొక్కుకుంటూ వెళ్లాలి. మూలల్లో బట్టని ఏటవాలుగా కొయ్యాలి, అట్ట మూల దాకా కాదు, మూలకీ కత్తిరింపుకీ మధ్య 3 మిల్లీమీటర్లు ఉంచాలి. అంతకన్నా తక్కువైతే మూలలో అట్ట బయటపడుతుంది, ఎక్కువైతే ఉబ్బుగా కూర్చుంటుంది. ఆ మూడు మిల్లీమీటర్లని గోటితో లోపలికి నొక్కి, అప్పుడు రెండో వైపు మడవాలి. మా అత్తయ్య ఇదంతా చూసి మైదా ఉడకబెట్టమన్నారు, వెనకటికి పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు దాంతోనే చేసేవారు, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. మైలుతుత్తం విషం, పిల్లలున్న ఇంట్లో ఎందుకు, అది కలపకపోతే వెండిపురుగులకి విందు.

అట్ట వంగిపోవడం గురించి రివ్యూల్లో గొడవ గొడవగా ఉంది, "బోర్డు క్వాలిటీ లేదు" అని. బోర్డు తప్పు కాదండీ. తడి జిగురు ఒక పక్కే రాస్తే ఆ పక్క అట్ట నీరు తాగి సాగుతుంది, ఆరేటప్పుడు బట్టతో సహా బిగుసుకుని ముక్కని తన వైపుకి లాగుతుంది. రెండో వైపు కూడా అంటించేస్తే అది ఇటు లాగి సమం చేస్తుంది. అందుకే ఒకవైపు బట్ట వేసిన మూతని రాత్రంతా అలా వదిలేయకూడదు, లోపలి ముక్క కూడా అంటించేసి బరువు కింద పెట్టాలి. బరువు అంటే నేను బియ్యం డబ్బా పెట్టాను, కింద ప్లాస్టిక్ కాగితం వేసి. గోపాలపూర్ సముద్రం పక్కనే ఉండే మనకి గాలిలో తేమ మామూలే, వానాకాలంలో ఇది రాత్రికి ఆరదు, తొందరపడి మూత మూసి బీరువాలో పెట్టేస్తే వారం తిరిగేసరికి లోపల బూజు వాసన. ఎండాకాలంలో చేసుకోండి, లేదా ఫ్యాను కింద మూత తెరిచి ఉంచి పూర్తిగా ఆరాకే నగలు పెట్టండి.

మాగ్నెట్ల కథ వేరు. రెండు జతలు ఇవ్వాలి, మూడు బిళ్లలు వచ్చాయి. కస్టమర్ కేర్‌కి రాస్తే డబ్బా విప్పుతున్న వీడియో పంపమన్నారు. అట్టముక్కల డబ్బా విప్పుతూ ఎవరు వీడియో తీస్తారు? రెండు మూడు మెసేజీల తర్వాత ఒక బిళ్ల కవర్లో పెట్టి పంపారు, అది సైజు వేరు. హార్డ్‌వేర్ షాపులో కొనుక్కున్నాను. ఎక్కడివైనా సరే, అంటించే ముందు రెండూ ఒకదానికొకటి అతుక్కునే వైపు చూసి పెన్నుతో గుర్తు పెట్టుకోండి, తిరగేసి అంటించారంటే మూత మూసుకోవడం మాట అటుంచి పైకి నెట్టుకుంటుంది. బట్ట కిందే, అట్టలో చిన్న గుంట చేసి అందులో కూర్చోబెడితే బయటికి కనపడవు.

గాజుల రోలు చూసి నవ్వొచ్చింది. స్పాంజి చుట్టి వెల్వెట్ వేసిన రోలు, అడ్డం కొలిస్తే 6 సెంటీమీటర్లు. మన గాజుల సైజులు అంగుళాల్లో, అంగుళంలో పదహారో వంతుల్లో లెక్క కదా, 2.4 అంటే రెండుంపావు అంగుళాలు, అంటే లోపలి కొలత 5.7 సెంటీమీటర్లు. 6 సెంటీమీటర్ల రోలు మీదికి 2.4 గాజు ఎలా ఎక్కుతుంది? 2.6 అయితే 6.03, తోసి ఎక్కించాలి, మట్టిగాజులైతే పగులుతాయి. 2.8 వాళ్లకి మాత్రమే ఈ రోలు. ఫొటోలో గాజులు ఎక్కించి చూపించారు, ఎవరి చేతివో మరి. ఆ స్పాంజి విప్పేసి, ఫాయిల్ చుట్టొచ్చే అట్ట గొట్టం చిన్నదిగా కోసి, దాని మీద ఒక్క వరస స్పాంజి చుట్టి, అదే వెల్వెట్ తిరిగి వేస్తే 4.5 దగ్గరకి వచ్చింది, ఇప్పుడు మా ఇంట్లో అందరి గాజులూ ఎక్కుతున్నాయి. ఉంగరాల రోలు మాత్రం బాగుంది, బిగుతుగా ఉంది, చెవిదిద్దులు కూడా గుచ్చుకోవచ్చు.

పెట్టె వాడకంలో ఎలా ఉందంటే, బాగుంది. మూత బిగుతు తగ్గలేదు, మూలలు ఊడలేదు, పట్టు రంగు అలాగే ఉంది. వెండి పట్టీలు మాత్రం నల్లబడ్డాయి, అయితే అది పెట్టె వల్లనే అనలేను, గాలిలో ఉండే గంధకానికి వెండి నల్లబడుతుంది, ఎక్కడ పెట్టినా అంతే. కానీ రబ్బరు బ్యాండ్లు, రబ్బరు స్పాంజి, ఉన్నిగుడ్డ పక్కన పెడితే ఇంకా త్వరగా నల్లబడతాయి, వాటిలోనూ గంధకం ఉంటుంది. పట్టీలని పొడి నూలుగుడ్డలో చుట్టి, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాం ఒకటి మూలన పడేస్తే తేడా తెలుస్తుంది. ముత్యాల దండ వేలాడదీయకుండా పరిచి పెట్టుకోవడానికి అర ఒకటి ఉండాల్సింది, లేదు, నేను అట్టముక్క అడ్డం పెట్టి ఒకటి చేసుకున్నాను. ఇంకో మాట, ఇది బీరువాలో పెట్టుకునే పెట్టె, దీనికి తాళం ఉండదు. పెద్ద నగలకి బ్యాంకు లాకరే.

మరి కొనమంటానా వద్దంటానా? ఒక్కసారి కొనండి, రెండోసారి వద్దు. కిట్ రాగానే దేనికీ జిగురు రాయకుండా ముందు ప్రతి ముక్కనీ పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసుకుని, ఏ ముక్క ఏమిటో దాని మీదే రాసి, మడిచి దాచుకోండి. టైలరుకి ఆది జాకెట్టు ఇచ్చినట్టు ఇక ఆ కాగితమే మీకు ఆది. తర్వాత పెట్టె చెయ్యాలనుకున్నప్పుడు కాలేజీల దగ్గర రికార్డులూ థీసిస్‌లూ బైండింగు చేసే షాపుకి పట్టుకెళ్లండి. గ్రే బోర్డు పెద్ద షీటు వంద రూపాయల లోపే, దాంట్లో పెట్టె మొత్తం వచ్చి ఇంకా మిగులుతుంది, కొలతలు రాసిస్తే వాళ్ల దగ్గరుండే పెద్ద కత్తి మిషన్ మీద తిన్నగా కోసిచ్చేస్తారు, అంచులకి మసి కూడా ఉండదు. నేను వెళ్లినచోట ముసలాయన అంతసేపూ ఒడియాలో మాట్లాడి, కొలతలు చదివేటప్పుడు మాత్రం "పద్నాలుగూ పాయింటూ ఆరు" అన్నారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై మన ఊరు ఇటు పడింది గానీ బజార్లో తెలుగు ఎక్కడికీ పోలేదు. ఫ్యూజింగు, వెల్వెట్, స్పాంజి షీటు గిరి మార్కెట్ వైపో బడాబజార్ వైపో టైలరింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. అన్నీ కలిపినా కిట్ ధరలో సగం కాదు.

శ్రావణమాసంలో వాయనాలకి, పెళ్లిలో సారెతో పాటు పెట్టడానికి చేసిపెట్టమని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. చేసిపెట్టొచ్చు గానీ డబ్బులు ఎంత తీసుకోవాలో తేలదు. సామాను ఖర్చు తక్కువే, పని మాత్రం రెండు పూటలు పడుతుంది, ఆరబెట్టేది కాక. "ఇంట్లో ఊరికే ఉన్న పాత చీరే కదా, అట్టే కదా" అనేవాళ్లకి చెయ్యకండి, చీర తెచ్చిచ్చినవాళ్లకే చెయ్యండి, చీర వాళ్లదైతే ధర గురించి గొంతు కూడా తగ్గుతుంది.

అదే కంపెనీ ఇప్పుడు మూతలో అద్దం ఉన్న పెద్ద సైజు కూడా పెట్టింది, 30 సెంటీమీటర్లది, ధర దాదాపు రెట్టింపు. అది కొనలేదు, కొనను. మా పిన్ని కూతురు కొంది, మూత తెరవగానే అద్దం బరువుకి పెట్టె వెనక్కి లేస్తోంది, గోడకి ఆనించి పెట్టుకుంటే తప్ప నిలబడటం లేదు. కొనేవాళ్లు చిన్నదే కొనండి, అది కూడా తగ్గింపు ఉన్నప్పుడు, డబ్బా విప్పేటప్పుడు ఫోను స్టాండుకి పెట్టి వీడియో ఆన్ చేసి మాగ్నెట్లు లెక్కపెట్టుకోండి.